పద్దెనిమిది వేల బండి

"నేనేమీ సూడలేదు సామీ. నన్నిడిసిపెట్టండి."

డ్రైవరు లేవి ఆ మాట అనడం ఇది నాలుగోసారి. అన్న ప్రతిసారీ అతని చూపు డిటెక్టివ్ కేశవులు ముఖం మీద నిలవకుండా వెనకున్న తలుపు మీదికి పోతోంది. కర్నూలు పెద్దాసుపత్రిలో వార్డుకు చివరగా ఉన్న చిన్న గది అది. లేవి కుడికాలికి తొడదాకా కట్టు కట్టి, చెక్కకు బిగించి ఉంచారు. లేచి పరుగెత్తే వీలు లేదు. అతన్ని పీడిస్తున్నది కాలి నొప్పి కంటే ఆ సంగతేనని కేశవులుకు అర్థమైంది.

కేశవులు లేచి తలుపు దగ్గరికి వేయబోయాడు.

"మూయొద్దు సామీ!" లేవి సగం పైకి లేచి, నొప్పికి మళ్లీ దిండు మీద పడ్డాడు. "తెరిసే ఉండనీ. వచ్చేటోడు నాకు కనపడాల."

కేశవులు తలుపు వదిలేసి వచ్చి కూర్చున్నాడు.  మద్రాసు సీఐడీలో ఉద్యోగం మానుకుని కడపలో సొంతంగా పరిశోధనలు చేసుకుంటున్నప్పటి నుంచి అతను చాలా కేసులు చూశాడు. కానీ అడిగిన ప్రతివాడూ ముందు తలుపు వైపు చూసి ఆ తర్వాత నోరు విప్పే కేసు ఇదే మొదటిది.

నాలుగు రోజుల కిందట లేవి యజమాని సుంకిరెడ్డి, పాణ్యం దాటాక వచ్చే కనుమలో తన కారుతో సహా లోయలో పడి చనిపోయాడు. నంద్యాల దిక్కున పెద్ద భూస్వామి ఆయన. పక్క ఊరి పెద్ద ఈరన్నతో పదేళ్లుగా పార్టీ కక్షలు నడుస్తున్నాయి. ఇది ఈరన్న జీపు పనేనని సుంకిరెడ్డి మనుషులు తీర్మానించేసుకున్నారు. పెద్దకర్మ అయ్యేదాకా ఊరుకుంటామని, ఆ తర్వాత ఈరన్న ఊళ్లో మగపురుగు మిగలదని బహిరంగంగానే అంటున్నారు. సుంకిరెడ్డి భార్య మహాదేవమ్మ అందుకే కేశవులును పిలిపించింది. "నా మొగుణ్ణి ఎవరు సంపినారో నిజం తేల్చన్నా. తప్పుడు మనిషి మీదికి పోయి మావోళ్లు ఇంకో పదిమంది ఆడోళ్లను నా మాదిరి చేస్తారు" అంది. ఆ ఉదయమే ఆమె తమ్ముడు శ్రీనివాసులురెడ్డితో కలిసి కర్నూలు నుంచి నంద్యాలకు బయలుదేరింది. పిల్లల్లేని మనిషి. వీలునామా ప్రకారం తనకు వచ్చిన పొలాలను చూసుకునే ఓపిక లేక, వాటిని తమ్ముడి పేర రాసిచ్చేందుకు వకీలు దగ్గరికి వెళుతోంది.

"లేవీ, ఒక్కటే అడుగుతా" అన్నాడు కేశవులు గొంతు తగ్గించి. "ఎనకాల వచ్చింది ఈరన్న జీపేనా?"

 వరండాలో ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ పోయారు. ఆ చప్పుడు పూర్తిగా ఆగిపోయాక లేవి పెదవులు మాత్రం కదిలాయి.

"జీపు గాదు సామీ."

"మరేంది?"

"కారు. శానా కిందికి ఉండాది దాని మూతి. దుమ్ములో నడిపేటోడు కనపడల్యా. ఎత్తు గడ్డ ఎక్కుతాంటే పక్కకొచ్చి ఆనుకునింది. కొట్టల్యా సామీ, ఆనుకునింది. పెద్దరెడ్డి 'తొక్కు లేవీ, తొక్కు' అని అరుస్తాండాడు. నేను తొక్కుతానే ఉండా. బండి పోల్యా."

"మీది స్పెషల్ కారు గదా. జిల్లాలో దాన్ని దాటే బండి లేదంటారే. ఎందుకు పోలేదు?"

లేవి కళ్లు మూసుకున్నాడు. "అదొక్కటి అడగొద్దు. రెడ్డికి మాటిచ్చినా."

"ఆయన చచ్చిపోయినాడు లేవీ."

"అందుకే సామీ. ఇంగ మాట వాపసు ఇచ్చేటోళ్లు ల్యారు."

"జీపు కాదని ఇంకెవరికన్నా చెప్పినావా?"

"చెప్తే మావోళ్లే నన్ను సంపుతారు. ఈరన్న దగ్గర దుడ్లు తిని మాట మార్చినాడంటారు. చెప్పకపోతే ఆ కారోడు వచ్చి సంపుతాడు." లేవి చూపు మళ్లీ తలుపు మీదికి పోయింది. "ఎవురు ముందొస్తారో అని సూస్తాండా."

---

"అతివేగం. వంపు దగ్గర పట్టు తప్పింది. కేసు అంతటితో సరి" అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వెంకోబరావు, జీపును కనుమ వంపు దగ్గర ఆపుతూ. "కారు వెనక అంత పెద్ద అక్షరాలతో స్పెషల్ అని రాసి ఉంది. అలాంటి బండిని గంటకు ఎనభై మైళ్ల మీద తోలితే ఇంకేమవుతుందయ్యా? నువ్వు దిగి చూడాల్సిందేమీ లేదు."

"చూడాల్సింది లేకుంటే నన్ను ఇంత దూరం ఎందుకు తీసుకొచ్చినారు?"

"ఆ అమ్మ కలెక్టరుకు అర్జీ పెట్టింది కాబట్టి. చూడు, పో. చూసి నోరు మూసుకుని కడప బస్సెక్కు."

ఇద్దరూ ఒకప్పుడు మద్రాసులో ఒకే ఆఫీసులో పనిచేసినవాళ్లు. అప్పట్లో కేశవులు తప్పని చెప్పిన ఒక కేసు కోర్టులో వీగిపోయింది. ఆ కేసు వెంకోబరావుది. ఆయన దాన్ని ఇంకా మరిచిపోలేదు.

కేశవులు రాళ్లు పట్టుకుని లోయలోకి దిగాడు. నల్లటి పెద్ద కెల్‌బ్రూక్ కంపెనీ కారు ఒక బండకు ఆనుకుని, ఎడమ వైపుకు ఒరిగి ఆగిపోయి ఉంది. కుడి వైపు మొత్తం పైకి కనిపిస్తోంది. ముందు తలుపు కింద నుంచి వెనక చక్రం దాకా ఒకటే పొడుగు గీత. ఇనుము లోపలికి నొక్కుకుపోయింది. గీత పొడవునా మీగడ రంగు పెయింటు అంటుకుని ఉంది.

కేశవులు ఆ గీత పక్కన కాలు పెట్టి చూశాడు. కారు నిటారుగా ఉంటే అది అతని మోకాలికి బాగా కిందికి వస్తుంది. తలెత్తి పైన ఆగిన పోలీసు జీపు ముందున్న ఇనుప కమ్మీని చూశాడు. అది మోకాలికి పైమాటే. జీపు ఏదైనా ఇంత కిందికి తగలడం కుదరదు. లేవి చెప్పింది నిజం.

తర్వాత కారు వెనక్కి పోయాడు. 'స్పెషల్' అన్న వెండి పలక ఒక్క మరమేకు మీద వేలాడుతోంది. రెండో మర ఊడిపోయింది. పలకను పక్కకు తిప్పి చూస్తే, దాని కింద చిల్లు వంకరగా ఉంది. చిల్లు చుట్టూ నల్లరంగు పెచ్చులు లేచి, తుప్పు పట్టింది. కంపెనీలో బిగించిన పలక కింద రంగు పగలదు. ఇది ఎవరో చేత్తో చిల్లు పొడిచి తగిలించింది.

అతను ముందుకు పోయి, వంగిపోయిన ఇంజను మూతను రెండు చేతులా పైకి లాగాడు. మద్రాసులో దొంగసారా రవాణా చేసేవాళ్ల దగ్గర పట్టుకున్న స్పెషల్ కెల్‌బ్రూక్‌ను అతను ఆరు నెలలు నడిపాడు. దానికి పెట్రోలు అందించే కార్బురేటర్లు రెండు జంటగా ఉండేవి. ఇక్కడ ఒక్కటే ఉంది.

ఇది స్పెషల్ కాదు. మామూలు బండి.

అప్పుడే పైనుంచి గులకరాళ్లు జలజల రాలాయి. కేశవులు కారు చాటుకు ఒదిగిపోయాడు. కనుమ అంచున, వెంకోబరావుకు ఎదురుగా ఉన్న గుట్ట మీద, ఎవరో మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో పొడుగాటిదేదో ఉంది. వెంకోబరావు చెయ్యి నడుము దగ్గరి పిస్తోలు మీదికి పోయింది.

మనిషి వెనకనుంచి మేకలు వచ్చాయి. ఒకటి, రెండు, మొత్తం మంద. చేతిలో ఉన్నది దోటి కర్ర. అతను వీళ్లిద్దరినీ చూసి, వీళ్లకంటే ఎక్కువ భయపడి, మేకల్ని అదిలించుకుంటూ గుట్ట అవతలికి పరుగెత్తాడు.

కేశవులు పైకి వచ్చేసరికి వెంకోబరావు పిస్తోలు మీది చెయ్యి ఇంకా తీయలేదు.

"మీకూ భయమే" అన్నాడు కేశవులు.

"ఎందుకుండదు?" వెంకోబరావు గొంతు ఒక్కసారిగా పెద్దదైంది. "ఆ రెండు ఊళ్లకూ నా దగ్గర ఉన్నది పదిమంది పోలీసులు. ప్రమాదం అని రాస్తే ఊళ్లు నిలుస్తాయి. హత్య అని రాస్తే రేపటికి శవాలు లెక్కపెట్టుకోవాలి. నువ్వు కడపలో పోయి పడుకుంటావు. ఇక్కడ ఉండాల్సింది నేను!"

"ప్రమాదం అని మీరు రాసినంత మాత్రాన వాళ్లు నమ్ముతారా? ఈరన్న మీదికి పోకుండా ఉంటారా?"

వెంకోబరావు జీపు వైపు తిరిగాడు.

"అతివేగం అంటున్నారే, ఆ బండికి అంత వేగం లేదు. పలక ఒక్కటే స్పెషల్. గడ్డ ఎక్కేటప్పుడు అది ఎద్దుబండికంటే కాస్త మేలు, అంతే. తోసింది జీపు కాదు, కిందికి ఉండే చిన్న కారు. మీరే దిగి చూడండి. చూసి, ఈరన్న కాదని ఋజువు చేస్తే, మీ రెండు ఊళ్లూ అప్పుడు నిలుస్తాయి."

వెంకోబరావు అతన్ని కొరకొర చూశాడు. తర్వాత టోపీ తీసి జీపులో పడేసి, తనే లోయలోకి దిగాడు. తిరిగి వచ్చి, జీపు స్టార్టు చేసి, "ఆ కారు అమ్మినవాడు కర్నూల్లోనే ఉన్నాడు" అన్నాడు.

---

తుంగభద్ర మోటార్ హౌస్ యజమాని పాండురంగశెట్టి, పోలీసు జీపును చూడగానే కొట్టు షట్టరు తలుపు సగం దింపించి, గుమాస్తాలను బయటికి పంపేశాడు. కొట్టులో కార్లేవీ లేవు. దిగుమతులు బిగించాక కొత్త బండ్లు రావడం ఆగిపోయింది. గోడ మీద కెల్‌బ్రూక్ కార్ల బొమ్మలు మాత్రం మిగిలాయి.

"సుంకిరెడ్డికి మీరు అమ్మింది ఏ బండి శెట్టిగారూ?" అన్నాడు కేశవులు.

"పెద్ద స్పెషల్ సామీ. ఊరంతా ఎరుగుదురు గదా."

"దాని వెల?"

"ముప్పై వేలు."

"మహాదేవమ్మ వేరుశనక్కాయల దుడ్లు తన చేత్తోనే మీకు లెక్కపెట్టి ఇచ్చిందంట. పద్దెనిమిది వేలు అని చెప్పింది."

శెట్టి లెక్కల పుస్తకం మూసి బల్ల కిందికి తోశాడు.

"నాకు మీ ధరలు అర్థం కావడం లేదు. కాస్త చెప్పండి" అన్నాడు కేశవులు కుర్చీ లాక్కుని. వ్యాపారం మాట ఎత్తితే వ్యాపారి భయం కొంచెం సర్దుకుంటుందని అతనికి తెలుసు.

శెట్టి గోడ మీది బొమ్మల వైపు తిరిగాడు. "కంపెనీకి రెండు బండ్లు సామీ. చిన్నది, పెద్దది. రెంటిలోనూ మామూలు ఉండాది, స్పెషల్ ఉండాది. చిన్నది మామూలుగా పన్నెండు వేలు. అదే స్పెషల్ కావాలంటే పద్దెనిమిది. పెద్దది మామూలుగా పద్దెనిమిది. స్పెషల్ అయితే ముప్పై."

"వేగానికి చిన్నదాంట్లో ఆరు వేలు, పెద్దదాంట్లో పన్నెండు వేలా? ఇంజనుకు అంత ఖర్చవుతుందా?"

"ఇంజనుకు అయ్యేది రెండు వేలు గూడా గాదు." శెట్టి గొంతులో ఒక్క క్షణం అమ్మకందారు వచ్చాడు. "కంపెనీవాళ్లు ఇంజనును చూసి వెల కట్టరు సామీ. కొనేవాణ్ణి చూసి కడతారు. చిన్న బండి కొనేటోడు సరదాకు వేగం అడుగుతాడు, ఆరు వేలు దాటితే వద్దంటాడు. పెద్ద బండి కొనేటోనికి వేగం అవసరం. రాజులకు గొప్ప కోసం, మన రెడ్లకు పానం కోసం. పానానికి పన్నెండు వేలు ఎక్కువా? అందుకే అంత. చిన్న స్పెషల్, పెద్ద మామూలు ఒకే వెలకు పెట్టేది గూడా అందుకే. వేగం కావాల్నా, గొప్ప కావాల్నా ఎంచుకో అంటారు. రెండూ కావాలంటే ముప్పై."

"సుంకిరెడ్డి దగ్గర ముప్పై లేవు."

శెట్టి తల దించుకున్నాడు. "లేవు సామీ. ఆ ఏడు పంట పాడైపోయింది. ఆయప్ప ఈ కుర్చీలోనే కూర్చోని, 'శెట్టీ, నాకు వేగం వద్దు, వేగం ఉండాదని నా పగోనికి తెలిస్తే సాలు' అన్నాడు. పలక ఒకటి విడిగా తెప్పించి ఇచ్చినా. రెండేండ్లు ఎవురూ ఆ బండిని తరిమే ధైర్యం చేయల్యా. పలకే కాపాడింది ఆయప్పను."

"ఆ గుట్టు ఎవరెవరికి తెలుసు?"

"ఆయప్పకు, లేవికి, నాకు. అంతే. ఇంట్లో ఆయమ్మకు గూడా తెలీదు."

"లేవి చెప్పలేదు. చచ్చిన మనిషికిచ్చిన మాట కోసం నా దగ్గర కూడా నోరు విప్పలేదు. మరి మీరు?"

"నేనా? నేనెందుకు..." అన్నాడు శెట్టి. సగం దింపిన తలుపు కింద నుంచి రోడ్డు మీద పోయేవాళ్ల కాళ్లు కనిపిస్తున్నాయి. ఆయన కళ్లు ఆ కాళ్ల వెంటే తిరుగుతున్నాయి.

వెంకోబరావు బల్ల మీద లాఠీతో ఒక్క దెబ్బ వేశాడు. "మీగడ రంగు చిన్న కెల్‌బ్రూక్. ఆ గుట్టు తెలిసినవాడు తరమడానికి కొనే బండి నీ దగ్గర అదొక్కటే, స్పెషల్. అది కొన్నవాడెవడు శెట్టీ?"

"పేరు చెప్తే ఆయప్ప నన్ను సంపుతాడు సామీ!"

"చెప్పకపోతే సుంకిరెడ్డిని చంపడంలో నీకూ పాలుందని రాస్తాను."

"నేను వ్యాపారం చేసినా, అంతే!" శెట్టి ఏడుపు గొంతుతో అన్నాడు. "పోయిన నెల వచ్చినాడు. సుంకిరెడ్డి స్పెషల్‌ను తరిమి పట్టుకునే బండి కావాల, యాడున్నా తెప్పించమన్నాడు. నా దగ్గర పెద్ద స్పెషల్ ల్యాదు. మద్రాసులో ఒకరు వాడి వదిలేసిన చిన్న స్పెషల్ ఉండాది. దాంతో పని జరగదని లేచిపోతాండాడు. బేరం పోతాందే అని... నోరు జారినా సామీ. 'దాన్ని పట్టేదానికి ఇదే శానా ఎక్కువప్పా, ఆయనది స్పెషల్ గాదు, పలక ఒక్కటే' అనేసినా. ఆయప్ప మళ్లీ కూర్చున్నాడు. నవ్వినాడు. కొత్తదాని వెలే అడిగినా, పద్దెనిమిది వేలూ బల్ల మీద పెట్టినాడు. తమాషాకు పందెం కడతారేమో అనుకుంటిని. ఇంటి మనిషే గదా, ఏమి చేస్తాడులే అనుకుంటిని."

"ఇంటి మనిషా?" కేశవులు లేచి నిలబడ్డాడు. "ఎవరు?"

"ఆయమ్మ తమ్ముడు సామీ. శ్రీనివాసులురెడ్డి."

 ఆ ఉదయం తన కళ్ల ముందే మహాదేవమ్మ తమ్ముడి వెంట బయలుదేరిన సంగతి కేశవులుకు గుర్తొచ్చింది. పొలాలు తమ్ముడి పేరు మీదికి మారేదాకా ఆమె బతికి ఉండాలి. మారాక అక్కర్లేదు. ఇంకో కారు ఇంకో కనుమలో పడితే, ఆ నింద కూడా ఈరన్న మీదికే పోతుంది.

కేశవులు ఆ మాట చెప్పీ చెప్పకముందే వెంకోబరావు టెలిఫోను అందుకున్నాడు. "నంద్యాలకు ట్రంకు కాల్. పోలీసు, అర్జెంటు." కేశవులును అడిగి వకీలు పేరు ఆపరేటరుకు చెప్పి, గొట్టం కేశవులు చేతిలో పెట్టాడు. "నువ్వు మాట్లాడు. నీ గొంతైతే ఆమె నమ్ముతుంది. నంద్యాల ఠాణావాళ్లంతా ఆ రెండు ఊళ్ల కాపలాలో ఉన్నారు, నేనే జీపు తీస్తాను. దారిలో పాణ్యం ఠాణాలో దిగి వాళ్లనూ ముందు పంపిస్తాను." వంగి తలుపు కింద నుంచి దూరి బయటికి పరుగెత్తాడు.

గొట్టంలో గరగరలు, ఎవరెవరివో మాటలు. చివరికి వకీలు గుమాస్తా పలికాడు. వకీలుగారు కోర్టుకు పోయారని, ఆయమ్మ గదిలోనే ఉందని చెప్పి, ఫోను ఆమెకిచ్చి తను రిజిస్ట్రారు ఆఫీసుకు పోతున్నానన్నాడు.

"అన్నా, నేనే" అంది మహాదేవమ్మ.

"సంతకం పెట్టినావా తల్లీ?"

"ఇప్పుడే పెట్టినా."

 "నీ తమ్ముడు యాడుండాడు?"

"పెట్రోలు పోయించుకోను పోయినాడు. అహోబిలం పోయి సామిని సూసొద్దామంటాండాడు. మనసు కుదుటపడుతుందంట. ఎందుకన్నా, నీ గొంతు అట్లుండాది?"

"ఆ కారు ఎక్కొద్దమ్మా. ఏమైనా సరే ఎక్కొద్దు. మీ ఆయన్ను తోసింది ఈరన్న జీపు కాదు. ఒక చిన్న కెల్‌బ్రూక్ కారు. మీగడ రంగుది."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. 

"తమ్మునిది నల్లకారు... కొత్తగా రంగు ఏయించినాడు. పొద్దున్నుంచి ఆ వాసనకు నాకు తల తిరుగుతాండాది." ఆమె ఆగింది. "అంతకు ముందు అది మీగడ రంగే అన్నా."

"అమ్మా—"

"ఆ కారుకు దుడ్లు నేనే ఇచ్చినా. నా బంగారమంతా కుదువబెట్టి ఇచ్చినా. బావకు చెప్పొద్దక్కా, తెలీకుండా ఎనకాలే కాపలా వస్తా అన్నాడు. నా మొగుణ్ణి కాపాడతాడని ఇచ్చినానన్నా!"

"ఇప్పుడు ఏడవొద్దు తల్లీ. నా మాట విను. ఇన్‌స్పెక్టరు బయలుదేరినాడు. ఆ గదికి గడియ ఉండాదా?"

"ఉండాది."

"పోయి పెట్టు. ఫోను కింద పెట్టొద్దు, బల్ల మీద ఉంచి పో."

గొట్టం చెక్కకు తగిలిన చప్పుడు. అడుగులు. ఎక్కడో దూరంగా, వీధిలో, కారొకటి వచ్చి ఆగింది. కేశవులు గొట్టాన్ని చెవికి అదిమి పట్టుకున్నాడు. గడియ పడిన చప్పుడు కోసం చూస్తున్నాడు. పడింది. గట్టిగానే పడింది. అడుగులు మళ్లీ దగ్గరికొచ్చాయి.

"పెట్టినానన్నా" అంది ఆమె గుసగుసగా. "వచ్చినాడు. మెట్లెక్కుతాండాడు."

తలుపు మీద వేళ్లతో కొట్టిన చప్పుడు, ఎంతో మర్యాదగా.

"అక్కా, పోదామా? ఎండ ఎక్కువైతాంది."



"అక్కా?" ఈసారి గొంతు తలుపుకు ఇంకా దగ్గరగా వచ్చింది. "గడియ ఎందుకు పెట్టుకున్నావు? ఎవరితో మాట్లాడతాండావు?"

తర్వాత పడిన దెబ్బ చేతిది కాదు. భుజంది. తలుపు చెక్కలు కిర్రుమన్న చప్పుడు నలభై మైళ్ల తీగ మీదుగా కేశవులు చెవిలో పడింది. అదే క్షణంలో ఇద్దరి మధ్యకూ మూడో గొంతు వచ్చింది, ట్రంకు కాల్ కలిపిన ఆపరేటరుది, నిదానంగా, ఏ తొందరా లేకుండా.

"మూడు నిమిషాలైంది సార్. పొడిగించమంటారా?"

"పొడిగించండి!" కేశవులు అరిచాడు. "పొడిగించండి!"